చరిత్ర కథల్లో మన ఆడపిల్ల ఎక్కడ?

పిల్లల మనసు మీద కథ వేసే ముద్ర ఉపదేశం వేయలేదు. పది సూక్తులు వల్లెవేయించినా మరుసటి వారానికి మరచిపోయే పిల్ల, దాదీ చెప్పిన ఒక్క కథను తాను దాదీ అయ్యేదాకా గుర్తుంచుకుంటుంది. ఈ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. మదర్సాల్లో తరతరాలుగా చదువుతున్న షేక్ సాదీ 'గులిస్తాన్' (1258) నిండా ఉన్నవి కథలే. మౌలానా రూమీ 'మస్నవీ'లో ఉన్నవీ కథలే. కథ అంటే కల్పన కదా, పిల్లలకు అది ఎందుకు అని అడిగే సోదరులు ఈ రెండు గ్రంథాలను ఒక్కసారి తలచుకుంటే చాలు.

అయితే మన ఇళ్లలో పెరుగుతున్న ఆడపిల్లలకు మనం ఏ కథలు ఇస్తున్నామన్నది ఆలోచించవలసిన విషయం. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో మన పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు చదువుతారు. ఉర్దూ లిపి రానివారే ఎక్కువ. నానీ, దాదీల దగ్గరున్న ఉర్దూ కథలు వారికి చదవడానికి అందవు. తెలుగు పుస్తకాల్లో తమలాంటి పిల్ల కనిపించదు. ఈ రెండింటి మధ్య మన అమ్మాయి కథ లేకుండా పెరుగుతోంది.

ఈ లోటు చిన్నదేమీ కాదు. పత్తి తీతలు మొదలైతే ఒకసారి, మిరప కోతలు మొదలైతే మరోసారి మన ప్రాంతపు బడుల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. కల్లాల్లో కాయలు ఏరడానికి, తొడిమలు తీయడానికి తల్లి వెంట వెళ్లిన పిల్ల కొందరిళ్లలో మళ్లీ బడికి రాదు. రెండేళ్లు తిరగకుండానే నిఖా మాటలు మొదలవుతాయి. పేదరికం ఇందుకు పెద్ద కారణమే. దానికి తోడు మరో కారణం కూడా ఉంది. చదువుకుని, తన బుద్ధితో ఒక నిర్ణయం తీసుకుని, నలుగురికి మేలు చేసిన ఆడపిల్ల ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరి ఊహలోనూ లేదు. ఊహలో లేనిదాని కోసం ఎవరూ పట్టుబట్టరు. ఆ ఊహను కలిగించేది కథ.

ఉర్దూలో మొదటి అడుగు

ఉర్దూ నవలకు ఆద్యుడిగా చెప్పుకునే డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో 'మిరాతుల్ ఉరూస్' రాశారు. అది పండితుల కోసం రాసింది కాదు. తన ఇంటి ఆడపిల్లలు చదువుకోవడానికి సరైన పుస్తకం దొరకక, తానే కూర్చుని రాసిన కథ అది. అంటే ఉర్దూ నవల పుట్టిందే ఒక ఆడపిల్ల చదువు కోసం. అందులో అక్బరీ, అస్గరీ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు. చెల్లెలు అస్గరీ లెక్క తెలిసి ఇల్లు చక్కదిద్దుతుంది. ఇరుగుపొరుగు బాలికలను చేరదీసి ఇంట్లోనే చదువు చెబుతుంది. ఆనాటికి అది ఎంతో ముందడుగు. నజీర్ అహ్మద్ తరువాతి కాలంలో హైదరాబాద్ సంస్థానంలోనూ ఉద్యోగం చేశారు.

చరిత్ర నవల మాత్రం వేరే దారి పట్టింది. అబ్దుల్ హలీమ్ షరర్ 1888లో 'మలికుల్ అజీజ్ వర్జినా'తో ఉర్దూలో చారిత్రక నవలకు నాంది పలికారు. ఆ తరువాత నసీమ్ హిజాజీ నవలలు ఇంటింటా చదివారు. ఆ రచనల్లో ఉర్దూ సొగసుకు, కథ నడకకు కొదవ లేదు. కాని వాటిలో ఆడపిల్ల చేసే పని ఏమిటని చూస్తే, ఎక్కువ చోట్ల ఆమె ఎదురుచూస్తూ కనిపిస్తుంది. యుద్ధానికి వెళ్లిన వీరుడి కోసం, ఉత్తరం కోసం, విడిపించేవారి కోసం ఎదురుచూస్తుంది. కథ గుర్రమెక్కి ఎక్కడికో వెళ్లిపోతుంది, ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది.

మన తెలుగు నేల మీద

తెలుగులో చారిత్రక నవల ఆడపిల్లను కొంత ముందుకు తెచ్చిందని ఒప్పుకోవాలి. అందులో మన ప్రాంతం వాటా కూడా ఉంది. రేపల్లెలో న్యాయవాదిగా ఉన్న నోరి నరసింహశాస్త్రి 1951లో 'రుద్రమదేవి' నవల వెలువరించారు. అంతకుముందే అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' రాశారు. అందులో రుద్రమతో పాటు అన్నాంబిక అనే ధైర్యశాలి అయిన యువతి కూడా ఉంది. ఈ బాపిరాజు ఉర్దూ పేరున్న ఒక తెలుగు దినపత్రికకు సంపాదకుడు కూడా. హైదరాబాద్ నుంచి వెలువడిన ఆ పత్రిక పేరు 'మీజాన్', అంటే తక్కెడ. 2015లో రుద్రమదేవి మీద సినిమా వచ్చాక కాకతీయ రాణి పేరు తెలియని పిల్ల లేదు.

ఒకసారి తరగతిలో రుద్రమ గురించి చెబుతూ ఉంటే, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, యుద్ధం చేయని రాణి ఎవరూ లేరా?" అని అడిగింది. తోటి పిల్లలు నవ్వారు. ఆ ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు. మనం పిల్లలకు చెప్పే ధీరవనితలందరి చేతిలోనూ కత్తి ఉంటుంది. కత్తి పట్టే అవకాశం ఆ అమ్మాయికి ఎన్నడూ రాదు. ఆమెకు వచ్చే పరీక్షలు వేరు. చదువు ఆపేస్తామన్నప్పుడు పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి, కూలి లెక్క తేడా వస్తే ఎలా అడగాలి, తనకు పెళ్లి కుదురుస్తుంటే తన మాట ఎలా చెప్పాలి, ఇవీ ఆమె యుద్ధాలు. వీటికి పనికివచ్చే ధైర్యం ఏ కథలో ఉంది?

చరిత్ర ఆధారాలను జాగ్రత్తగా చూస్తే ఆ ధైర్యం మన రుద్రమలోనే కనిపిస్తుంది. గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలో మందడం దగ్గర మల్కాపురం అనే ఊరుంది. అక్కడి శిలాశాసనం క్రీ.శ. 1261 నాటిది. అందులో రుద్రమ ఒక మఠానికి గ్రామదానం చేసింది. ఆ దానంతో మఠానికి అనుబంధంగా పాఠశాల, వైద్యశాల నడిచాయి. ప్రసూతిశాల కూడా నడిచింది. ఏడున్నర శతాబ్దాల కిందట, కృష్ణ ఒడ్డున, పురుటి నొప్పులు పడే తల్లికి ఒక నీడ కావాలన్నది రాతి మీద చెక్కిన రాజాజ్ఞలో భాగమైంది. రుద్రమ గుర్రపు స్వారీ గురించి పది పేజీలు రాసే కథకులు ఈ ప్రసూతిశాలకు ఒక్క పేజీ కేటాయిస్తే, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికేది.

ఆమె గురించి వెనిస్ వర్తకుడు మార్కో పోలో చెప్పిన మాటలు కూడా గమనార్హం. మన తీరంలోని మోటుపల్లిని ఆయన ముత్ఫిలి అని పిలిచాడు. అది ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉంది. ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని, ప్రజలు ఆమెను ఎంతో అభిమానిస్తారని ఆయన రాయించాడు. అక్కడి నూలు బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. అయితే ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుడి కుమార్తె. రాజ్యమేలే స్త్రీ కనిపిస్తే ఆమె ఎవరో ఒకరి వితంతువే అయి ఉంటుందనుకోవడం, తండ్రి తన కూతురికే అధికారం అప్పగించి ఉంటాడని ఊహించలేకపోవడం ఆనాటి పరదేశికే కాదు, నేటి మనవాళ్లకు కూడా అలవాటే.

ఒకే శతాబ్దంలో ఇద్దరు కూతుళ్లు

రుద్రమకు పాతికేళ్ల ముందు ఢిల్లీలో మరో తండ్రి ఇదే పని చేశాడు. సుల్తాన్ షంసుద్దీన్ ఇల్తుత్‌మిష్ గ్వాలియర్ మీదికి వెళ్లినప్పుడు రాజధాని వ్యవహారాలు కూతురు రజియా చూసుకుంది. ఆయన 1232లో గ్వాలియర్ గెలిచి తిరిగి వచ్చి, ఆమె పనితనం చూసి, తన తరువాత ఆమే వారసురాలని ఫర్మానా రాయించాడు. కొడుకులుండగా కూతురా అని అమీర్లు అభ్యంతరం చెప్పారు. తన కొడుకులు విలాసాల్లో మునిగి ఉన్నారని, ఈ బిడ్డకున్న సామర్థ్యం వారిలో ఎవరికీ లేదని తన మరణం తరువాత మీకే తెలుస్తుందని ఆయన జవాబిచ్చాడు.

1236లో సుల్తాన్ మరణించగానే అమీర్లు కొడుకు రుక్నుద్దీన్‌ను గద్దెనెక్కించారు. ఆయన పాలన ఏడు నెలలైనా నిలవలేదు. ఇబ్న్ బతూతా నమోదు చేసిన వృత్తాంతం ప్రకారం, అన్యాయానికి గురైనవారు ధరించే రంగు దుస్తులు వేసుకుని రజియా జుమా రోజున ప్రజల ముందుకు వచ్చింది. తన తండ్రిని గుర్తుచేసి న్యాయం అడిగింది. ఢిల్లీ ప్రజలు ఆమె పక్షాన నిలిచారు. ఈ ఘట్టంలో కత్తి లేదు. జనం ముందు నిలబడి తనకు జరిగిన అన్యాయాన్ని స్పష్టంగా చెప్పిన ఒక యువతి ఉంది. పిల్లల కథకు ఇంతకన్నా గొప్ప సన్నివేశం ఇంకేం కావాలి?

రజియా నాలుగేళ్లు పాలించింది. చరిత్రకారుడు మిన్హాజ్ సిరాజ్‌కు ఢిల్లీలోని నాసిరియా మదర్సా బాధ్యత అప్పగించింది ఆమె పాలనలోనే. ఆ మిన్హాజే తన 'తబఖాతె నాసిరీ'లో, రాజుకు ఉండవలసిన గుణాలన్నీ ఆమెకు ఉన్నాయని, కాని మగవారి లెక్కలో పుట్టనందున అవి ఆమెకు ఏం ఉపయోగపడ్డాయని బాధపడతాడు. 1240లో అమీర్ల తిరుగుబాటులో ఆమె పదవినీ, ప్రాణాన్నీ కోల్పోయింది. పదేళ్లు గడవకముందే, 1250లో ఈజిప్టులో షజరుద్దుర్ అనే మహిళ కొద్ది నెలలు సింహాసనం ఎక్కింది. ఆ తరువాత పన్నెండేళ్లకు ఓరుగల్లులో రుద్రమ పాలన మొదలైంది. మూడు దేశాలు, ఒకే శతాబ్దం.

ఇంత చరిత్ర ఉన్న రజియాను మన సినిమా ఏం చేసింది? 1983లో వచ్చిన 'రజియా సుల్తాన్' చిత్రంలో ఆమె పాలన పక్కకు వెళ్లింది, ప్రేమకథ ముందుకు వచ్చింది. అశ్వశాల అధికారి యాఖూత్‌కు పెద్ద పదవి ఇచ్చిందని ఓర్వలేక అమీర్లు లేపిన పుకారునే కథకులు ఇష్టంగా పట్టుకున్నారు. రాజకీయంగా ఆమెను దించడానికి వాడిన మాటను మనం వినోదంగా మార్చుకున్నాం. రజియా పేరు వినగానే పిల్లలకు ఫర్మానాలు, మదర్సాలు, ఢిల్లీ ప్రజలు గుర్తురాకుండా పాటలు గుర్తొస్తే ఆ దోషం పిల్లలది కాదు.

గెలిచినవారు చెప్పిన కథ

ధైర్యం గల స్త్రీని దుష్టురాలిగా చిత్రించడం మరో అలవాటు. దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. పల్నాటి నాయకురాలు నాగమ్మ మనవద్దే ఉంది. జిట్టగామాలపాడు పిల్ల, రాజవంశంలో పుట్టనిది, గురజాలలో నలగామరాజుకు మంత్రి అయింది. కోడిపందెం, అరణ్యవాసం, కారంపూడి యుద్ధం అన్నీ మనవారు చెప్పుకుంటారు. చెప్పుకునేటప్పుడు ఎక్కువమంది యుద్ధం తప్పంతా నాగమ్మ మీద వేస్తారు. బ్రహ్మనాయుడు రాజనీతి చేస్తే అది తంత్రం, నాగమ్మ చేస్తే కుతంత్రం. ఒక మామూలు రైతు బిడ్డ ఆ రోజుల్లో రాజ్యవ్యవహారాలు ఎలా నేర్చుకుంది, ఎవరు నేర్పారు, సభలో మొదటిసారి మాట్లాడినప్పుడు మగవాళ్లంతా ఎలా చూశారు అన్న ప్రశ్నలతో పిల్లల కోసం ఒక నవల రాస్తే పల్నాడు పిల్లలు ఎంత ఇష్టంగా చదువుతారు! నాగమ్మను నిర్దోషిగా చూపాలని కాదు. ఆమె వైపు నుంచి కూడా ఒకసారి వినాలి. వాది మాట మాత్రమే విని తీర్పు చెప్పే ఖాజీ ఎవరూ ఉండరు కదా.

కత్తి పట్టని సాహసం

మరి యుద్ధం చేయని రాణి లేదా రాకుమారి ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. బాబర్ కూతురు గుల్‌బదన్ బేగం 1523 ప్రాంతంలో కాబూల్‌లో పుట్టింది. ఆరేళ్ల వయసులో, 1529లో, కొండలు నదులు దాటి హిందుస్థాన్‌కు ప్రయాణం చేసింది. చాలాకాలం చూడని తండ్రిని కలుసుకున్న ఆ ఘడియను ఆమె ముసలితనంలో గుర్తుచేసుకుని రాసింది. ఆయన తనను ఎత్తుకోగానే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదని అందులో చెప్పింది. అక్బర్ కోరిక మీద ఆమె రాసిన 'హుమాయూన్ నామా' మొఘల్ అంతఃపురం లోపలి నుంచి ఒక స్త్రీ రాసిన చరిత్ర. 1902లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ అనువాదం చేసింది కూడా ఒక మహిళే, అనెట్ బెవరిజ్.

అంతేకాదు, గుల్‌బదన్ యాభై ఏళ్లు దాటాక రాజకుటుంబ స్త్రీలను వెంటబెట్టుకుని 1575లో హజ్‌కు బయలుదేరింది. సూరత్ నుంచి ఓడలో వెళ్లి, పవిత్ర నగరాల్లో సంవత్సరాలు గడిపి, తిరుగు ప్రయాణంలో ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతిని చిక్కుకుపోయి, చివరకు 1582లో ఫతేపూర్ సిక్రీ చేరింది. పర్దా పాటించే కుటుంబపు స్త్రీ, ధర్మం తప్పకుండా, సముద్రం దాటి ఏడేళ్ల ప్రయాణం చేసి వచ్చింది. స్వతంత్రం అంటే కట్టుబాట్లు తెంచుకోవడమే అని భయపడే తల్లిదండ్రులకు గుల్‌బదన్ జీవితం చక్కని జవాబు.

మన తెలుగు దేశపు గోల్కొండలో హయత్ బక్షీ బేగం ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, ఒక సుల్తానుకు భార్య, మరో సుల్తానుకు తల్లి. హైదరాబాద్ శివారులోని హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలసిందే. 1656లో ఔరంగజేబు సేనలు గోల్కొండను ముట్టడించినప్పుడు ఆమె స్వయంగా శిబిరానికి వెళ్లి సంధి మాట్లాడింది. అప్పటికి మన కొండవీటి సీమ గోల్కొండ ఏలుబడిలోనే ఉంది. ఆ సంధి మాటల్లో మన పొలాల గతి కూడా ఇమిడి ఉంది. అహ్మద్‌నగర్ చాంద్ బీబీ విషయానికి వస్తే, 1595-96 ముట్టడిలో మొఘలులు కోటగోడ కూల్చితే ఆమె రాత్రికి రాత్రి దాన్ని పూడ్పించిన ఘట్టం ప్రసిద్ధం. చివరకు 1600లో ఆమె శత్రువుల చేతిలో కాక, వదంతిని నమ్మిన సొంతవారి చేతిలోనే హతమైంది. వదంతి ఎంత ప్రమాదకరమో పిల్లలకు చెప్పడానికి ఇది కూడా ఉపయోగపడే కథే.

మిరపకాయ చెప్పే పాఠం

చరిత్ర కథ రాసేవారికీ, ఎంచుకునేవారికీ కొన్ని జాగ్రత్తలు అవసరం. మొదటిది కాలం. రుద్రమ కోట పెరట్లో ఎర్రని మిరపకాయలు ఎండబెట్టినట్టు ఎవరైనా రాస్తే గుంటూరు పిల్లలకు చదవడానికి బాగానే ఉంటుంది. కాని అది అసంభవం. మిరప అమెరికా ఖండం మొక్క. పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. రుద్రమ నాటి కూరల్లో కారం అంటే మిరియం, పిప్పలి. మన ప్రాంతానికి ఇంత పేరు తెచ్చిన పంటే ఒకప్పుడు పరదేశి అని తెలిసిన పిల్ల, ఎవరు ముందు వచ్చారు, ఎవరు తరువాత వచ్చారు అనే తగవుల్లో తేలికగా పడదు. పత్తి మాత్రం రుద్రమ కాలంలోనూ ఉంది, నేడూ ఉంది.

రెండోది కథలో ఎక్కడ చరిత్ర ఆగిందో, ఎక్కడ ఊహ మొదలైందో పుస్తకం చివర ఒక పేజీలో స్పష్టంగా చెప్పాలి. పిల్లలను మోసపుచ్చకూడదు. మూడోది ఒక మతంవారిని మంచివారిగా, మరో మతంవారిని చెడ్డవారిగా చూపే చరిత్ర కథ ఎంత రసవత్తరంగా ఉన్నా మన ఇళ్లకు వద్దు. రజియాను కూల్చింది ఆమె మతంవారే. రుద్రమ మీద తిరగబడింది ఆమె సామంతులే. ఇవి మతాల పోరాటాలు కావు.

నాలుగో విషయం మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసినది. ప్రవక్త మహనీయుల (స) ఇంటివారు, సహాబియాత్ విషయంలో కల్పిత సంభాషణలు, కల్పిత సంఘటనలు జోడించడం తగదు. హజ్రత్ ఖదీజా (ర), హజ్రత్ ఆయిషా (ర), ఉహద్ యుద్ధంలో నిలిచిన ఉమ్మె ఉమారా (ర) జీవితాలను ప్రామాణిక గ్రంథాల నుంచి ఉన్నది ఉన్నట్టుగానే పిల్లలకు చెప్పాలి. వాటికి మన ఊహ అవసరం లేదు. రాణులు, వర్తకులు, నేతగాళ్లు, రైతుబిడ్డల విషయంలో కథకుడికి చోటుంది.

రాయడానికి వస్తువు కొదవా?

ఒక ఉదాహరణ చెబుతాను. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును ఇకమీదట జప్తు చేయరని, సుంకం తప్ప మరేదీ తీసుకోరని సముద్ర వర్తకులకు అది భరోసా ఇచ్చింది. ఇక ఇది ఊహ. శాసనం వేసిన ఏడాది తుపానులో ఒక అరబ్బు ఓడ ఒడ్డుకు కొట్టుకువచ్చింది. ఊరి పెత్తందారు సరుకు తనదేనన్నాడు. బట్టల లెక్క రాసే నేతగాని కూతురికి అక్షరాలు వచ్చు. పన్నెండేళ్ల ఆ పిల్ల అందరినీ శాసనం దగ్గరికి తీసుకువెళ్లి గట్టిగా చదివింది. పెత్తందారుకు నోట మాట రాలేదు. కృతజ్ఞతతో ఆ నావికుడు, నాలుగేళ్ల కిందటి వరకు ఢిల్లీని నీ వంటి ఒక ఆడబిడ్డే ఏలిందని ఆ పిల్లకు చెప్పాడు. ఈ కథలో శాసనం నిజం, రజియా నిజం, పిల్ల మాత్రం కల్పన. ఆమె ఆయుధం చదువు ఒక్కటే. మిరప కల్లం నుంచి వచ్చి సాయంత్రం పుస్తకం తెరిచే పిల్లకు ఇటువంటి కథ ఒకటి చాలు.

బయటి భాషల్లో ఈ ప్రయత్నం కొంత జరిగింది. అమర్ చిత్రకథ బొమ్మల పుస్తకాల్లో సుల్తానా రజియా, చాంద్ బీబీ, నూర్జహాన్ ఉన్నారు. ఇంగ్లీషులో 'గర్ల్స్ ఆఫ్ ఇండియా' అనే వరుసలో సుభద్రా సేన్ గుప్తా మౌర్యుల కాలపు అమ్మాయి కథను, అనూ కుమార్ చోళుల కాలపు అమ్మాయి కథను నవలలుగా రాశారు. వాటిలో నాయిక రాణి కాదు, ఆ కాలంలో బతికిన ఒక చురుకైన బాలిక. అమెరికాలో క్యాథరిన్ లాస్కీ షాజహాన్ కూతురు జహనారా డైరీ రూపంలో 2002లో పిల్లల నవల రాశారు. మన జహనారా ఇంగ్లీషు మీదుగా అమెరికా పిల్లలకు చేరింది, నరసరావుపేట పిల్లకు చేరలేదు. తెలుగులో సయ్యద్ నశీర్ అహమ్మద్ వంటి చరిత్రకారులు స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న ముస్లిం మహిళల చరిత్రను శ్రమించి వెలికితీశారు. 1857లో అవధ్‌లో పోరు నడిపిన బేగం హజ్రత్ మహల్, ఖిలాఫత్ రోజుల్లో ఊరూరా తిరిగి ప్రసంగించిన బీ అమ్మా వంటివారి వివరాలు తెలుగులో దొరుకుతున్నాయి. ముడిసరుకు సిద్ధంగా ఉంది. దాన్ని పిల్లల కథగా మలిచే చేతులు కావాలి.

ఇలాంటి కథలు చదివితే పిల్లలు పెద్దల మాట వినరేమో అని కొందరు అంటారు. రజియా తండ్రి నమ్మకాన్ని నిలబెట్టిన కూతురు. రుద్రమ కూడా అంతే. గుల్‌బదన్ తండ్రి జ్ఞాపకాన్ని అరవై ఏళ్లు గుండెలో దాచుకున్న కూతురు. ధైర్యవంతురాలైన బిడ్డ పెద్దలకు ఎదురు తిరుగుతుందన్నది అపోహ. రజియా, రుద్రమ కథల్లో ముందు నమ్మింది తండ్రి.

అందుచేత ఉర్దూ చదవగలిగిన అమ్మీలు, ఖాలాలు వారానికి ఒక కథ తెలుగులో పిల్లలకు చెప్పండి. బడి గ్రంథాలయంలో చరిత్ర కథలు ఏమున్నాయో ఉపాధ్యాయులను అడగండి, లేకపోతే తెప్పించమని కోరండి. రాయగలిగిన యువతీ యువకులు మీ ఊరి శాసనం, మీ ఊరి పాత మసీదు, మీ ఊరి కోట నుంచి మొదలుపెట్టండి. మల్కాపురం, మోటుపల్లి, కొండవీడు మనకు బస్సు దూరంలోనే ఉన్నాయి. సెలవు రోజున ఆడపిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ఆ రాళ్లను చూపించండి. తమ నేల మీద ఒకప్పుడు ఏ స్త్రీ ఏ మంచి పని చేసిందో వారు కళ్లారా చూడాలి. ఈ ఏడు మిరప కోతలు ముగిసి బడులు తిరిగి తెరిచే నాటికి, మన పిల్లల సంచిలో ఇటువంటి పుస్తకం ఒక్కటైనా ఉండేలా చూద్దాం.